పొట్టు కళ్ళం పక్కన ఇల్లు

మా పీచు మిల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళని నేను గేటులోంచి కాకుండా కాలువ గట్టు మీద నుంచి తీసుకొచ్చేవాణ్ణి. అక్కడ నిలబడితే మొత్తం ఒక్క చూపులో కనపడుతుంది. కొత్తపేట చుట్టుపక్కల కాయ ఒలిచినచోటల్లా మిగిలిపోయే కొబ్బరి డొక్కలు ట్రాక్టర్ల మీద వచ్చి పడేది ఒక మూల. వాటిని చీల్చి పీచు తీసే మిషను దాని పక్కన. పీచు తీసేటప్పుడు రాలే గోధుమరంగు పొట్టుని ఉప్పు పోయేదాకా కడిగే తొట్లు తూర్పున. కడిగిన నీళ్ళు వెళ్ళేది కొబ్బరి మొక్కలకి. కడిగిన పొట్టు ఆరేది కళ్ళంలో, ఆరాక నర్సరీల కోసం దాన్ని దిమ్మలుగా నొక్కేది రేకుల షెడ్డులో.

"ఇక్కడ ఏదీ వృథాగా పోదండి. ఒక పని ఇంకో పనికి అన్నం పెడుతుంది," అని చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ నాకే బాగుండేది.

వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు మధ్యలో ఉన్న పెంకుటింటిని చూపించి, "అది ఆఫీసాండీ?" అనేవారు.

"మా ఇల్లేనండి," అనేవాణ్ణి. దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ ఉండేది కాదు. చెయ్యి షెడ్డు వైపు తిప్పేవాణ్ణి.

మొదట్లో నేను వ్యాపారం అలా చేసేవాణ్ణి కాదు. మిషను ఆగితే మిషను దగ్గరికి పరిగెత్తేవాణ్ణి, ఆడవాళ్ళు పనిలోకి రాకపోతే వాళ్ళ వీధికి పరిగెత్తేవాణ్ణి. రోజంతా పరుగే. అలా ఉండగా రాజమండ్రిలో చిన్న పరిశ్రమల వాళ్ళకి శిక్షణ అంటే వెళ్ళాను. అక్కడ పాఠం చెప్పినాయన బోర్డు మీద ఒక మనిషి బొమ్మ గీసి, "కడుపు నొప్పని వచ్చినవాడికి కడుపొక్కటే చూసి పంపించే వైద్యుడి దగ్గరికి మీరు రెండోసారి వెళ్తారా? మరి మీ వ్యాపారానికి మీరు చేసే వైద్యం ఏమిటి?" అని అడిగారు. మిషను, మనుషులు, నీళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు, కొనేవాళ్ళు, అన్నీ కలిపి ఒకే ఒళ్ళుగా చూడమన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది. బస్సులో తిరిగొస్తూ దాన్నే నెమరేసుకున్నాను.

చెప్పినట్టే చేశాను కూడా. పనిలోకి వచ్చే ఆడవాళ్ళ పిల్లలు బడికి వెళ్ళే వేళ చూసుకుని పని మొదలయ్యే వేళ మార్చాను. ఎండ వేళ పని ఆపి సాయంత్రం మళ్ళీ పెట్టాను. కడిగిన నీళ్ళు కాలువలోకి పోకుండా మొక్కలకి తిప్పాను. ఇవేవీ గొప్పకి చేసినవి కావు. చేసినందుకు మిల్లు నిజంగానే కుదుటపడింది. నేను తప్పు చేసింది అక్కడ కాదు.

మా ఉత్తరం సరిహద్దుకి ఆనుకుని ఒక పెద్దాయన ఆకుకూరలు వేస్తారు. మొదట్లో పొట్టు ఆరబెట్టే కళ్ళం ఆ పక్కనే ఉండేది. ఎండాకాలం దక్షిణపు గాలి మొదలయ్యాక ఆయన ఒకరోజు కంచె దగ్గరికి వచ్చి తువ్వాలు భుజం మార్చుకుంటూ నిలబడ్డారు.

"మీరేం అనుకోకపోతే ఓ మాటండి."

"చెప్పండి బాబాయిగారూ."

"మరేం లేదండి. గోంగూర కడుగుతుంటే టీ డికాషన్లాగ దిగుతోందండి. కొనేవాళ్ళు నవ్వుతున్నారు. పాలు కూడా మీరే పోసేస్తారా అని."

ఇద్దరం నవ్వాం. ఆయన ఆపైన ఒక్క మాట అనలేదు. గోదావరి మనిషి అంతకన్నా గట్టిగా ఫిర్యాదు చెయ్యడు. నాకు సిగ్గేసింది. చుట్టుపక్కలవాళ్ళని కూడా ఒంట్లో భాగంగా చూడమన్నారు కదా. ఆ సాయంత్రమే కళ్ళం ఎక్కడికి మార్చాలా అని తిరిగాను. తూర్పున తొట్లు, పడమర కాలువ గట్టు. మిగిలింది ఇంటికి దక్షిణాన, వంటింటి ముందున్న ఖాళీ. అక్కడ పెడితే లేచిన పొట్టు ఇంటికి తగిలి ఆగిపోతుంది, ఆకుమడులదాకా వెళ్ళదు. ఇల్లు అడ్డు ఉంటుంది.

నేను సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. ఇల్లు అడ్డు ఉంటుంది.

మా ఆవిణ్ణి అడిగాను. అడగలేదని ఎవరూ అనలేరు. "కళ్ళం ఇటు మారుద్దామనుకుంటున్నా. నీకేం ఇబ్బంది లేదుగా?" అన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "ఆయ్," అంది. నేను వెళ్ళి మనుషుల్ని పురమాయించాను.

ఆయ్ అన్న మాట మా కోనసీమ బయటివాళ్ళకి నవ్వులాట. మాకది ఊపిరి. పెద్దవాళ్ళు చెప్తుంటే ఆయ్ అంటాం, ఫోనులో ఆయ్ అంటాం, బాకీ అడిగినవాడికీ భోజనాల బంతికి పిలిచినవాడికీ ఆయ్ అంటాం. మా మిల్లులో రోజంతా మిషను చప్పుడు తర్వాత ఎక్కువగా వినపడేది అదే. యజమాని ఏదైనా చెప్తాడు, వినేవాళ్ళు ఆయ్ అండీ అంటారు, యజమాని సంతోషంగా వెళ్ళిపోతాడు.

కళ్ళం మారిన మొదటి ఎండాకాలం ఆవిడకి పొడి దగ్గు పట్టింది. మా అమ్మాయి కాకినాడ హాస్టల్లో ఉండేది, ఫోను చేసినప్పుడల్లా "అమ్మ మాటకన్నా దగ్గే ఎక్కువ వినపడుతోంది నాన్నా," అనేది. వాన పడితే తగ్గేది. తగ్గింది కదా అనుకునేవాణ్ణి. తర్వాతి ఎండాకాలానికి దగ్గుతో పాటు పిల్లికూతలొచ్చాయి. పెరట్లో బట్టలు ఆరేసి మెట్లెక్కి వచ్చాక గుమ్మం పట్టుకుని నిలబడేది. అయినా తెల్లారేసరికి కళ్ళంలో ఉండేది. ఆడవాళ్ళకి పనులు పంచడం, ఎవరికి ఒంట్లో బాగోలేదో, ఎవరింట్లో పెళ్ళుందో కనుక్కుని మనుషుల్ని సర్దడం ఆవిడ పని. అది నేను ఇచ్చిన పని కాదు, ఎవరూ చెయ్యకపోతే ఆవిడ చేతిలోకి వచ్చి పడింది. "ఇల్లూ పనీ ఒకచోటే ఉండడం మన అదృష్టం," అని నేను అనేవాణ్ణి.

అమలాపురంలో ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది కూడా నేను కాదు, ఆవిడే వెళ్దామంది. ఆయన వెన్ను మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఇంట్లో ఏం చేస్తారని అడిగారు. చెప్పాను.

"మందులు రాస్తాను. కానీ అమ్మా, మీరు ఆ దుమ్ములో ఉండకూడదు. తగ్గించడం కాదు, అసలు ఉండకూడదు. ఇలాగే ఉంటే ఇప్పుడు ఎండాకాలం వచ్చేది ఏడాదంతా ఉంటుంది. ఆ తర్వాత వెనక్కి తేవడం నా వల్ల కాదు," అన్నారు.

"ఆయ్ అండీ," అంది.

తిరుగు ప్రయాణంలో ముక్కామల దాటేదాకా లెక్కలే వేశాను. లోపల మొత్తం మిల్లుని తిప్పి చూసుకుంటున్నాను. ఎండలు ఇప్పుడే మొదలయ్యాయి, పొట్టు ఆరే కాలం ఇదే, నర్సరీలవాళ్ళు సరుకు కోసం చూస్తున్నారు, ఆవిడ లేకపోతే ఆడవాళ్ళు నా మాట వినరు. చివరికి, "ఈ ఎండాకాలం ఒక్కటీ ఎలాగోలా గడిపేద్దాం. వానలు పడ్డాక ఏదో ఒకటి చూద్దాం. ఉండగలవా?" అన్నాను.

"ఆయ్," అంది.

బండి నడుపుతూనే ఉన్నాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఒకే మాట. ఒకే గొంతు. దుమ్ములో ఉండొద్దన్న డాక్టరుకీ ఆయ్, దుమ్ములో ఉండమన్న నాకూ ఆయ్. రెండూ ఒప్పుకోలు కావడానికి వీల్లేదు. అసలు ఏదీ ఒప్పుకోలు కాదేమో. విన్నాను అని అర్థం, అంతే. మీరు పెద్దవారు, మీరు చెప్పేరు, నేను విన్నాను.

పెళ్ళైన కొత్తలో ఈవిడ నాతో ఎప్పుడూ ఆయ్ అనేది కాదని అప్పుడు గుర్తొచ్చింది. "అదేం కుదరదండీ" అనేది. డొక్కల కోసం మొదటి ట్రాక్టరు కొందామంటే "మీకు సైకిలు తొక్కడమే సరిగ్గా రాదు" అని వారం రోజులు ఏడిపించింది. ఆ మనిషి ఎప్పుడు మానేసింది? మిల్లులో పనివాళ్ళు నాతో మాట్లాడే మాట మా వంటింట్లోకి ఎప్పుడొచ్చింది? నాకు తెలీదు. పొట్టులాగే వచ్చి ఉంటుంది. రోజూ కాస్త.

తెలిసింది కదా, ఇక మార్చేస్తాననుకున్నాను. అక్కడే నేను కట్టుకున్నది ఎంత గట్టిదో తెలిసొచ్చింది.

పొట్టు లేవకుండా కళ్ళంలో నీళ్ళు చల్లించాను. దిమ్మలు లోపల తడిగా ఉండిపోయి బూజు పట్టాయి, నర్సరీవాళ్ళు వెనక్కి పంపేశారు. వంటింటి కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు కట్టించాను. మా చిత్తడి ఉక్కలో తలుపులేసుకుని గంటసేపు కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు. "జాడీలో ఊరగాయలా ఉన్నానండి. ఎప్పుడు మూత తీస్తారో చెప్పండి," అంది. అది విని నాకు సంతోషమేసింది, వెక్కిరించింది కదా అని. కానీ వెక్కిరించి దగ్గింది.

కళ్ళాన్ని తిరిగి ఉత్తరానికి మార్చుకుంటానని చెప్పడానికి కంచె దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన నన్ను చూడగానే లేచి వచ్చారు.

"మీ పేరు చెప్పుకుని తింటున్నాం బాబూ. మీరు ఆ కళ్ళం మార్చాక ఆకు అద్దంలా ఉంది. అలా ఇంకొకళ్ళ కోసం ఎవరు చేస్తారండి ఈ రోజుల్లో." రెండు గోంగూర కట్టలు నా చేతిలో పెట్టారు. "మీ ఆవిడగారికి పట్టుకెళ్ళండి. పులుసుగా చేసుకోమనండి."

"ఆయ్ అండీ," అన్నాను. ఆ కట్టలు పట్టుకుని వచ్చేశాను. చెప్పడానికి వెళ్ళిన మాట చెప్పలేదు.

పొట్టు ఆరబెట్టడమే ఆపేద్దామా అంటే, కళ్ళంలో పనిచేసే ఆడవాళ్ళకి పని పోతుంది. తడి పొట్టు అలా పోగేస్తే వానల్లో కుళ్ళి నీళ్ళన్నీ కాలువలో కలుస్తాయి. మిషను తగ్గిద్దామంటే డొక్కలు తోలేవాళ్ళు ఇంకో మిల్లుకి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. ఏ పోగు లాగినా ఇంకోటి బిగుసుకుంటోంది. ఒక పని ఇంకో పనికి అన్నం పెడుతుందని గట్టు మీద నిలబడి చెప్పింది నేనే. అలా అల్లుకున్నదానిలో ఎక్కడా కదిలే సందు వదల్లేదు. అన్నిటికీ చోటు చూశాను. కడిగిన నీళ్ళు ఎటు పోవాలో ఆలోచించాను. ఆవిడ ఊపిరి ఎటు పోవాలో ఆలోచించలేదు. ఇంట్లోవాళ్ళకి ఏదైనా సర్దుకోవచ్చు, బయటివాళ్ళ దగ్గర మాట పడకూడదు, అదే నా మర్యాద.

ఇలా నేను అటూ ఇటూ తిరుగుతుండగానే ఒక ఆదివారం మా బావమరిది కారేసుకుని వచ్చాడు. అమలాపురంలో ఎరువుల కొట్టు. నోరు కాస్త పదును. వచ్చినవాడు లోపలికి రాకుండా కళ్ళం అంచున నిలబడి, వేలితో కారు అద్దం మీద గీత గీశాడు. అప్పుడే పొట్టు పడింది.

"ఏం బావగారూ, బావున్నారా?"

"రా, లోపలికి రా. ఎండలో ఏంటి."

"లోపలా బయటా ఒకలాగే ఉంది కదండి మీకు." కళ్ళంకేసి చూశాడు. "ఈ పొట్టుకి గాలి ఎంత తగలాలో, ఎండ ఎంత తగలాలో మీకు భలే తెలుసంటండి. చూడ్డానికి జనం వస్తారటగా. మా అక్కకి గాలి ఎంత తగలాలో ఎవర్నడగాలి? దానికేమన్నా శిక్షణ ఉందాండి?"

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సంచీ ఉంది. తనే ఫోను చేసి రమ్మందని అప్పుడర్థమైంది.

"ఊరుకోరా. ఆయన్ని అంటానికి పిలిచేనా నిన్ను?" అంది తమ్ముణ్ణి. తర్వాత నాతో, "మా వాడి పైవాటా ఖాళీగా ఉందంట. వెళ్తున్నానండి."

"నువ్వెళ్తే ఇక్కడ..." అని మొదలుపెట్టాను. ఆపేశాను. ఆ వాక్యం ఎటు తిప్పి పూర్తిచేసినా ఏదో ఒక పనితోనే పూర్తవుతుంది. ఆడవాళ్ళు, కళ్ళం, దిమ్మలు. నేను లేకుండా ఎలా ఉంటావు అనో, నువ్వు లేకుండా ఎలా ఉంటాను అనో ఒక్క ముక్క నా నోట్లోకి రాలేదు.

ఆవిడ సంచీ గుమ్మంలో పెట్టింది. "చెప్పండి, వింటాను," అంది.

"ఎన్నాళ్ళు?"

"తెలీదండి. మీరు అడుగుతారు, నేను ఆయ్ అంటాను, మీరు వెళ్ళిపోతారు. ఇన్నాళ్ళూ అలా అయింది. ఈసారి నేను వెళ్తున్నాను." మెట్టు దిగడానికి గోడ పట్టుకుంది. "కాదని చెప్పనందుకు నాది కూడా తప్పే. కానీ కాదని చెప్పాలంటే ఊపిరి ఉండాలి కదండీ."

బావమరిది సంచీ అందుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి, "బావగారూ, భోజనానికి రండి. అక్కడైతే అన్నం తెల్లగా ఉంటుంది," అన్నాడు.

ఆవిడ వెళ్ళాక మిల్లు ఆగిపోలేదు. ఆగిపోయి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. కుంటుతూ నడుస్తోంది. ఆడవాళ్ళకి నేను పనులు చెప్తే అందరూ ఆయ్ అండీ అంటారు, మర్నాడు సగంమంది రారు. రాలేమని ఆవిడతో చెప్పేవాళ్ళు, నాతో చెప్పరు. నాతో కాదు అనగలిగిన మనిషి మా ఆవరణలో ఒక్కరు కూడా లేరు. నేనే లేకుండా చేసుకున్నాను. ప్రతి తాళం నా దగ్గర, ప్రతి నిర్ణయం నా దగ్గర. మొత్తాన్ని చూసుకోవడం అంటే మొత్తం నా చేతిలో ఉండడం అనుకున్నాను. మిషను బెల్టు తెగినా నాకే ఫోను, పక్క ఊరికి పెళ్ళికి వెళ్తే అక్కడికీ ఫోను. మిషను చూసే అతనికి, "నువ్వే చూసి చెయ్యి, నన్నడక్కు," అని చెప్పాను. "ఆయ్ అండీ," అన్నాడు. పది నిమిషాల్లో మళ్ళీ ఫోను. "చూసేనండి. చెయ్యమంటారా?"

అమలాపురం దగ్గరే. అయినా ఒక రాత్రి అక్కడ ఉండలేకపోతున్నాను. తెల్లవారకముందే ట్రాక్టరు వస్తుంది, తాళం తీయాలి.

కళ్ళానికి వేరే చోటు చూస్తున్నాను. ఇళ్ళు లేని చోటు కోనసీమలో దొరకడం ఎంత కష్టమో చూసేవాళ్ళకి తెలుసు, ఎటు పోయినా తోటలో ఒక ఇల్లుంటుంది. ఏ స్థలం చూసినా ముందు గాలి ఎటు వీస్తుందో చూసి, ఆ వైపు ఎవరి వంటిల్లు ఉందో అడుగుతున్నాను. బ్రోకరు నన్ను చూసి నవ్వుతాడు. ఇంకా దొరకలేదు. దొరికినా తను తిరిగి వస్తుందని కాదు. నిన్న ఆ మాట తనే తేల్చేసింది.

నిన్న సాయంత్రం వెళ్ళాను. వీధి గేటు తీస్తుండగానే పైనుంచి చూసి, "అక్కడే ఆగండి," అంది. మనిషి తేరుకుంది. మెట్లు దిగి గుమ్మం దాకా వచ్చింది, గోడ పట్టుకోలేదు. అక్కణ్ణుంచే తమ్ముడి లుంగీ, చొక్కా కుళాయి పక్కన తీగ మీద వేసింది.

"స్నానం చేసి అవి కట్టుకోండి. మీ బట్టలు సంచీలో పెట్టి బయటే ఉంచండి. పోయినసారి మీరెళ్ళాక రాత్రంతా ఆయాసపడ్డాను."

నాకది తెలీదు. పోయినసారి వెళ్ళి మంచం మీద పక్కనే కూర్చుని చాలాసేపు మాట్లాడి, బాగానే ఉందని సంతోషపడి వచ్చేశాను.

"కళ్ళం మారితే వస్తావా?" అని అడిగాను.

"రానండీ," అంది. "అక్కడికి రాను. మీరు మార్చినా రాను. మీరు రావాలనుకుంటే ఇక్కడికి రండి." కోపం లేదు గొంతులో. కూర ఉడికిందా లేదా చెప్పినట్టు చెప్పింది. చాలా ఏళ్ళ తర్వాత నాకు అర్థమయ్యేలా ఒక మాట చెప్పింది.

కుళాయి కింద కూర్చుని తలా మెడా రుద్దుకున్నాను. చెవుల వెనక నుంచి, గోళ్ళలోంచి గోధుమరంగు నీళ్ళు కారాయి. సబ్బు రాసిన ప్రతిసారీ ఇంకాస్త వచ్చాయి. తెల్లటి నీళ్ళు వచ్చేదాకా రుద్ది, బావమరిది చొక్కా తొడుక్కుని వరండాలోకి వెళ్ళాను. ఆవిడ కుర్చీ పక్కన నాకొక కుర్చీ వేసి ఉంది. కూర్చోబోయాను. ఆవిడ ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని ఒక్కసారి గాలి పీల్చి చూసింది.

"ఇంకా వస్తోందండి. అటు చివర కూర్చోండి. గాలి ఇటు నుంచి ఉంది."

కుర్చీ తీసుకుని వరండా అటు చివరికి వెళ్ళి కూర్చున్నాను. ఫోను మోగుతోంది. ఆవిడ వింటోంది, నేను ఎత్తలేదు, ఆపనూ లేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఎత్తండి," అంది. "బెల్టు తెగి ఉంటుంది."